తరుగు

కొత్తవాడలో మగ్గం అమ్మేసిన ఏడు
నాకు మిగిలినవి రెండు చెవులు.
పడుగు బిగువును వేలితో మీటి చూడటం
మా నాయిన నేర్పిండు.
"వదులు పోగు మొద్దుగ పలుకుతది కొడుకా,
జంపఖానా మీద పండేటోనికి తెల్వకున్నా
నీకు తెల్వాలె."
ఇప్పుడు స్టేషన్ రోడ్డులో, పంక్చర్ల దుకాణం పక్కన
హార్మోనియాలు విప్పుకొని కూచుంటాను.

ఇత్తడి నాలుకలు.
కొసన గీకితే స్వరం లేస్తుంది,
మొదట్లో గీకితే దిగుతుంది,
ఆశపడి గీకితే తెగి ఒళ్ళో పడుతుంది.
ఇంతే నా విద్య. మిగతాదంతా వినడం.

రెండు రీడ్లు కలిసీ కలవనప్పుడు
గాలిలో ఒక అల లేస్తుంది.
దగ్గరైన కొద్దీ నెమ్మదిస్తుంది,
బొక్కెన చేదుకున్నాక
బావిలో నీళ్ళు సద్దుమణిగినట్టు.

జమ్మికుంట నుంచి ఓదమ్మ వచ్చింది.
శారద కథలు చెప్పే ఇల్లు. భుజాన పెనిమిటి మీటిన శారద,
వెనక కొడుకు రాకేషు, వాడి నెత్తిన పెట్టె.
"నీ పెట్టె తప్పు పలుకుతాందన్నా."
మొన్ననే శ్రుతి చేసిన పెట్టె అది.
మీటరు పెట్టి చూపించాను, పచ్చదీపం వెలిగింది.
ఆమె దీపం దిక్కు చూడలేదు.
తీగె మీటి నా చెవి దగ్గర పట్టింది.
"ఆగు. సప్పుడు దిగనియ్యి. ఇగ ఇను."

సా మీటితే సా ఒక్కటే రాదు.
దాని మీద దాని రెట్టింపు, ఆ పైన పా,
ఇంకా పైన మరో సా,
దాని నెత్తిన, ఎవరూ నొక్కని గా.
పులుసులో బెల్లం లాగ,
ఉందని చెప్తే తెలిసే గా.

నేను పెట్టె మీద గా నొక్కాను.
రెండు గాల నడుమ అల.
నాదే ఎత్తులో ఉంది,
అరమెట్టులో ఏడో పాలు.
ఒక నూలుపోగు మందం.

ఆ రాత్రి బియ్యం గింజలతో లెక్క వేశాను.
సా నుంచి పా, ఆ పా నుంచి దాని పా,
రెంటికి మూడు, రెంటికి మూడు,
పన్నెండు సార్లు ఎక్కితే మళ్ళీ సా ఇంటికి రావాలి.
వస్తాం, కానీ వాకిట్లోకి కాదు.
దాటిపోయి, పక్కింటి గోడకు ఆనుకొని నిలబడతాం.
మూడును మూడుతో ఎంతకాలం పెంచినా
రెండ్ల ఇంట్లో కాలు పెట్టదు.
బేసి ఎన్నడూ సరి కాదు.
ఇంత వయసొచ్చి ఇప్పుడా నాకు తెలియడం!

ఎనుమాముల మార్కెట్లో పత్తి తూచి
క్వింటాలుకు ఇంతని తరుగు తీస్తారు.
ఎందుకంటే దుమ్మంటారు, తేమంటారు.
పెట్టెకు శ్రుతి కట్టినవాడూ అదే పని చేశాడు,
ఆ మిగులును పన్నెండు పాళ్ళు చేసి
ప్రతి పాలోనూ పిసరంత కోశాడు.
ఎవరికీ నొప్పి లేదు. ఎవరూ పూర్తిగా నిజం కాదు.
అయితే ఏ మెట్టు మీదైనా సా పెట్టుకోవచ్చు,
అది చిన్న మేలేం కాదు.

పొద్దున గా నాలుకను మొదట్లో గీకాను.
ఓదమ్మ కళ్ళు మూసుకొని విన్నది,
ఎనభై రూపాయలు లెక్కపెట్టి ఇచ్చి పోయింది.

నెల తిరక్కుండా రాకేషు వచ్చాడు.
"అమ్మకు మంచిగుంది కాకా. నేను పెండ్లి బ్యాండుల వాయిస్త.
ఒక్కో సింగరుకు ఒక్కో మెట్టు.
దా మీద సా పెడితే పా ఏడుస్తాంది."
అవును. ఆమె గా, వాడికి పా.
ఒకరి ఇంటికి ఎత్తు సరిచేస్తే
ఇంకొకరి గడపకు తల తగిలింది.

రెండు వరసల పెట్టె అది.
రెండో వరసలోనూ గీకిన నాలుక తీసి
తరుగు తీసిన కొత్తది బిగించాను.
స్టాపర్ల మీద సుద్దతో రాశాను,
అమ్మ. కొడుకు.
రెండూ ఒకేసారి లాగొద్దని చెప్పాలి.

షట్టరు సగం దించి
రెండూ లాగి
గా నొక్కాను.
అల మొదలైంది,
ఒకరినొకరు వదలక, ఒకరితో ఒకరు కలవక.
పక్క దుకాణం పోరడు వంగి చూశాడు.
"ఏమైంది కాకా, పెట్టె ఖరాబయిందా?"
"ఆగురా" అన్నాను,
తిత్తి మీద చెయ్యి తీయకుండా.