నీలమా, పసుపా

పొద్దున ఐదున్నరకే గిరింపేటలో
తోతాపురి లారీలు రోడ్డు పట్టనన్ని.
మా డ్రైవింగ్ స్కూలు ఫియటు మాత్రం
తాళం తిప్పితే గిర్రు గిర్రుమని తిరిగి
అంటుకోకుండానే ఊరుకుంటోంది.
వెనక సీట్లో షమీమ్,
జ్యూస్ ఫ్యాక్టరీ షిఫ్టుకి ముందు అరగంట క్లాసుకొచ్చిన పిల్ల,
వాచీ చూసుకోకూడదని
చేతిని చున్నీ కింద దాచుకుంది.

యుగంధర్ పోయి మొగిలప్పను స్కూటర్ మీద తెచ్చాడు.
నీటికాసులు ముదిరి రెండేళ్ళయింది ఆయనకి.
షెడ్డు అమ్మేశాడు.
స్పానర్లు అమ్మలేదు.

స్టూలేస్తే బానెట్టు పక్కన కూర్చొని
"కొట్టు సెల్ఫు" అన్నాడు, తల వంచి.
కొట్టాను.
"బ్యాటరీ నిండుగా ఉండాది. దాన్ని తిట్టొద్దు."

పెట్రోలు పైపు లాగి స్టీలు గ్లాసులో పట్టి
ముక్కు దగ్గర పెట్టాను.
"మామిడిపండు వాసన అడ్డమొస్తాండాది" అని
అరచేతిలో రెండు చుక్కలు పోయించుకొని, ఊది,
చల్లదనం చూసి
"నీళ్ళు కలవలా" అన్నాడు.

ఇక మిగిలింది నిప్పు.
గ్లాసు దూరంగా పెట్టించి, ప్లగ్గు విప్పించి
తీగతో సహా ఇంజను ఇనుముకి ఆనించమన్నాడు.
అప్పటికే తెల్లారిపోయింది, మెరుపు కనపడదు.
ఆయన భుజమ్మీది తువ్వాలు కప్పుకొని
దాని కింద తల దూర్చాను.
"ఏం రంగు?"
చెప్పడం అంత సులభం కాదు.
"పొయ్యి ఆరబోయే ముందు బొగ్గు అంచున..."
"అదంతా వద్దు టీచరమ్మా. నీలమా, పసుపా?"
పసుపు.
అదీ ఓపిక లేని పసుపు.
ఆయన నవ్వాడు.
అంత మంచి కబురు చెప్పాననుకోలేదు నేను.

డిస్ట్రిబ్యూటర్ మూత తీస్తే పాయింట్లు నల్లగా ఉన్నాయి.
గరుకు కాగితంతో రుద్దాను.
గ్యాపు కొలిచే రేకు ఎప్పుడో పోయింది.
"పలమనేరు బస్సు టికెట్టు పెట్టు, మూడు మడతలు."
కొట్టాం. గిర్రు గిర్రు.
జండూబామ్ డబ్బాలో ఆయన దాచిన కండెన్సర్ బిగించాం.
గిర్రు గిర్రు.
"తూకానికి వేసేస్తే పోలా" అన్నాడు యుగంధర్.
ఎవరూ బదులు చెప్పలేదు.
ఏదో లారీ డ్రైవరు తమిళంలో దేవుణ్ణి పిలుస్తున్నాడు.

అప్పుడు లేచాడు మొగిలప్ప.
రెక్క మీద పొట్ట ఆనించి వేళ్ళు లోపలికి పోనిచ్చాడు,
చాటలో బియ్యం వెతికినట్టు.
పాయింట్ల కింద ఒక పొట్టి తీగ.
నేను రెండుసార్లు చూసి, బాగుందని వదిలేసిందే.
చిటికెన వేలికి చుట్టి మెల్లగా లాగాడు.
సాగింది.
"రాగి సాగదు" అన్నాడు. "తోలు సాగతాది."

కోసి చూస్తే లోపల తెగి ఉంది,
పోగులు పాచి రంగుకి తిరిగి.
ముప్పై ఏళ్ళుగా సగం చిత్తూరుకి
అద్దాల్లో ఎలా చూడాలో నేర్పినదాన్ని.
సిగ్గేసింది.

ఇస్త్రీపెట్టె వైరు చీల్చి మెత్తటి పోగులు పేనింది షమీమ్,
రోజుకి వెయ్యి సంచుల మూతి కట్టే వేళ్ళతో.
మళ్ళీ తువ్వాలు కింద నా తల.
"నీలం!" అన్నాను ఆయన అడక్కముందే.
కాసేపు గమ్మునున్నాడు.
"ఏం నీలం?"
"మీ షెడ్డు తలుపు నీలం.
కొన్నోళ్ళు పూసింది కాదు. పాతది."
ఆయన స్పానరు తుడుచుకున్నాడు, మసేమీ లేకపోయినా.

అంటుకుంది బండి, దగ్గుతూ,
వీధంతా పొగ చేసి.
"మూడో సిలిండరు ఆలస్యంగా పలకతాండాది, రేపు చూద్దాం" అని
వెనక సీటెక్కాడు మొగిలప్ప, అడక్కుండానే.

షమీమ్ ముందుకొచ్చి సీటు జరుపుకొని, గేరేసి,
గేటు దగ్గర క్లచ్చు గబుక్కున వదిలేసింది.
ఒక్క కుదుపు.
ఆగిపోయింది.

అన్ని లారీల మధ్య అంత నిశ్శబ్దం ఎక్కణ్ణుంచి వచ్చిందో.

"అది బండి తప్పు కాదు" అన్నాడు వెనక నుంచి.
"కొట్టు మళ్ళా."