ఉప్పు తిన్న బండి

నేలరేకు మీద సుత్తితో ఒక్కటేశాను.
మోగలేదు.
మోగడం మానేసిన ఇనుము ఇనుము కాదు.
అప్పడంలా విరిగి
ఎర్రటి పొడి నా చంకలోకి జారింది.
బండి కింద వెల్లకిలా పడుకున్న నాకు
ఆ కంతలోంచి
పైన బోనెల పోలమ్మ మొహం.
"ఎంతవుద్ది గున్నయ్యా?"

ఓఆర్ పది.
కోరాపుట్టులోంచి రాయగడ విడిపోకముందు నంబరు.
అప్పట్లో ఎవరో ఇంజనీరు గారి తెల్ల అంబాసిడరు.
పోలమ్మ చేతికొచ్చాక పదహారేళ్ళు
కళింగపట్నం ఎండుచేపల్ని కొండెక్కించింది.
ఒకరోజు కాశీపురం సంత, ఒకరోజు మునిగుడ,
డిక్కీలో నెత్తళ్ళు, వెనక సీటుండాల్సిన చోట కవళ్ళు,
గోనె మీద గోనె.
ముసురు పట్టినప్పుడల్లా గోనెలు చెమర్చేవి.
ఉప్పు తిన్న విశ్వాసం అంటారు గానీ,
ఇది తిన్న ఉప్పు
లోపల్నుంచి దీన్నే తినేసింది.

సోమవారం బ్రేకినస్పెక్టరు చూస్తాడు.
తుక్కుబేరగాడు ఇప్పటికే రెండుసార్లొచ్చి
టైర్లు తన్ని పోయాడు.

ఎడమ చక్రం దగ్గర బ్రేకాయిలు కారుతోంది.
ఒక దీపం రోడ్డుని చూస్తుంది,
రెండోది చింతకొమ్మల్లో పిట్టల్ని చూస్తుంది.
హ్యాండుబ్రేకు ఉంది, ఊరికే ఉంది.
సుక్రు ఎక్కణ్ణుంచో పురుగుమందు బోర్డొకటి లాక్కొచ్చాడు,
దాన్నే కోసి నేలకి అతుకేశాం.
నల్లరంగు రెండు చేతులేసినా
వెల్డింగు సెగకి
మూడు గుండ్రటి ఒడియా అక్షరాలు పైకి తేలాయి,
సరిగ్గా క్లచ్చి కింద.
ఏం మాటరా అది అన్నాను.
సగమే ఉంది, చదవలేనన్నాడు.

ఆదివారం రాత్రి గుర్తొచ్చింది వెనక సీటు.
అది పోలమ్మ వీధరుగు మీదుంది.
పదహారేళ్ళుగా చిట్టీపాటలు దాని మీదే,
కుక్క ఈనిందీ దాని మీదే,
ఆమె పెనిమిటి జ్వరంతో చివరి మూడువారాలు
లోపల మంచం ఒద్దని
దాని మీదే పడుకున్నాడు.
నలుగురం మోసుకొచ్చాం.
స్ప్రింగుల మధ్య
ఒక పొగాకు కాడ, సగం దువ్వెన,
ఎవరిదో మెట్టె.
మెట్టె పోలమ్మ కొంగున ముడేసుకుంది.
తనదో కాదో చెప్పలేదు.

సున్నంతో కడిగాం. ఫినాయిలుతో కడిగాం.
వేపాకు పొగేశాం.
వాసన మాత్రం తన సొంత ఇంట్లో ఉన్నట్టు ఉంది.

మహాపాత్రో బాబు చుట్టూ ఒకసారి తిరిగాడు.
తలుపు తీశాడు, వంగాడు, ఆగాడు.
"శుఖువా?"
"శుఖువాయే బాబూ" అంది పోలమ్మ,
కూతురి పేరు అడిగితే చెప్పినట్టు.
ఆయన ఫారంలోకి చూసుకున్నాడు.
వాసనకి అందులో గడి లేదు.
బూటుతో నా అతుకుని నొక్కాడు.
నా కడుపులో ఏదో నొక్కుకుంది.
అది మోగింది!
పలచగా, రేకులాగే, మోగింది.
బ్రేకు తొక్కమన్నాడు, దీపాలెయ్యమన్నాడు,
ఎండలో పిట్టల దీపం ఎటు చూస్తోందో
ఆయనకి కనబడలేదో, కనబడిందో.
ముద్రేశాడు.

తిరిగొచ్చేటప్పుడు
ముందు తలుపు తీసి పట్టుకున్నాను.
పోలమ్మ వెనక తలుపు తీసుకుంది.
"ఎనక కూకుంటానొరే."
ఇన్నేళ్ళూ గేరుకడ్డీకి మోకాలు తగలకుండా
ఒడిలో తక్కెడ పెట్టుకు కూర్చున్న మనిషి.
నాగావళి వంతెన మీద అద్దంలో చూశాను,
రెండు చేతులూ సీటు మీద చాపి పెట్టుకుంది,
బయటికి చూడ్డంలేదు, లోపలికీ చూడ్డంలేదు.

షెడ్డు ముందు ఆపాక అడిగింది:
"బోల్టులు గట్టిగా బిగించీనావేటి?"
"నాలుగు చుట్లే."
"అయితే ఇప్పీ. రేపు మునిగుడ."

పానా తెచ్చేసరికి
నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోతోంది.
తలుపు బార్లా తీసుంది.
సుక్రు పానా కోసం చెయ్యి చాపాడు, ఇవ్వలేదు.
ఎండ ఆమె పాదాల దాకా రావడానికి
ఇంకా ఒక బీడీ టైముంది.