అడుగుకు అరంగుళం

మార్కాపురం కార్ఖానాలో విరిగిన పలకలు
నాకు ఊరికే ఇస్తారు.
అంచు పగిలినవి, మచ్చ పడినవి,
బడి గడప తొక్కకుండానే, బలపం మొహం చూడకుండానే
గోడ పక్కకి చేరినవి.
వాటితో బొమ్మ ఇళ్లు కడతాను.

నా లెక్క ఒకటే, అడుగుకు అరంగుళం.
ఆరడుగుల తలుపు మూడంగుళాలు.
మూరెడు అరుగు ఆరు నూళ్లు.
జానెడు దీపపు గూడు మూడు నూళ్లు.
అంగుళానికి ఎనిమిది నూళ్లని నేర్పింది
చెన్నకేశవులు మేస్త్రి,
చెవి మీది పెన్సిలు తియ్యకుండానే.
నూలంటే దారమే కదా.
దారప్పోగు మందంతో ఇళ్లు కొలిచే పని నాది.

కనిగిరిలో మాలకొండమ్మగారు
తన మేడకి బొమ్మ చేసిమ్మంది,
హాల్లో గాజుపెట్టెలో పెట్టుకుంటుందట.
టేపు పట్టుకుని రెండు పూటలు తిరిగాను.
కిటికీలు పద్నాలుగు.
మెట్లు పంతొమ్మిది, మెట్టు ఎత్తు ఆరంగుళాలు.
అంటే రెండు నూళ్లు,
సరిగ్గా అంత మందం పలక ఏరుకుంటే
చెక్కే పనే లేదు. లోపల్లోపల సంబరపడ్డాను.
పెరట్లో పనోళ్ల కొళాయి దగ్గర టేపు పెట్టబోతే
"అదెందుకయ్యా, అది లేకపోయినా పర్లేదు" అంది.
మధ్యాన్నం నేను దోసిలి పట్టింది దాని కిందే.
కాగితం మీద రాసుకోలేదు.
నడుముకి గుర్తుంది, ఎంత వంగానో.

లెక్కకి లొంగనివి కొన్నున్నాయి.
డాబా వాటం చూద్దామని ఒక్క నీటిబొట్టు వదిలితే
చెంబంత బొట్టు
పిట్టగోడ పక్కన కూర్చుని జారనంది.
వరండాలోకి గండుచీమ వచ్చింది,
పిల్లికూనంత.
దుమ్ము సంగతి చెప్పక్కర్లేదు.
పలక కోస్తే లేచిన దుమ్ము
మేడ మీద నూకల వానై రాలింది,
ఉఫ్‌మని ఊదబోయి
నేనే దగ్గాను.

ఇరవై రెండేళ్లు కోత మిషను ముందు కూర్చున్నవాణ్ణి.
ఒంగోలు డాక్టరు ఎక్స్‌రేని లైటుకి ఎత్తి చూపిస్తే
"ఇది ఏ స్కేలండీ?" అనడిగాను.
ఆయన నవ్వలేదు.
"అసలు కొలతేనయ్యా" అన్నాడు.

మేడ పూర్తయిన రాత్రి
మిగిలిన ముక్కలతో మా గది చేశాను.
ఎనిమిదడుగులు, పదడుగులు.
నాలుగంగుళాలు, అయిదు.
గుక్క తిప్పుకునేలోపే అయిపోయింది.
అరచేతిలో పెట్టుకుంటే
బొటనవేలికింకా చోటు మిగిలింది.
మాబున్ని బియ్యంలో రాళ్లేరుతా చూసింది.
"ఎప్పుడూ బాగించటమేనా?
ఓపాలి ఎచ్చేసి చూడు."

బలపం తీశాను.
ఎనిమిదిని ఇరవై నాలుగుతో, నూట తొంభై రెండు.
పదిని ఇరవై నాలుగుతో, రెండొందల నలభై.
అంత గదిలో
పొయ్యి కాణ్ణించి మంచం కాడికి పోవాలంటే
నేను మధ్యలో ఓసారి కూర్చోవాలి.
"అమ్మో, అంత ఇల్లు ఎవరూడుస్తారు" అని
నవ్వి, చేట పక్కన పెట్టి,
కాసేపటికి
"రాత్రిపూట నువ్వు దగ్గితే
ఆ చివర నాకినపడదు. చెరిపెయ్" అంది.
నేను ఆలోచిస్తా ఉంటే
తడిచేత్తో తనే చెరిపేసింది.

మేడని పాత దుప్పట్లో చుట్టి
కనిగిరి బస్సులో ఒళ్లో పెట్టుకుని పోయాను.
కండక్టరు దానికీ టిక్కెట్టడిగి, చూసి, మానుకున్నాడు.
మాలకొండమ్మగారు కిటికీలు లెక్కపెట్టుకుంది,
పద్నాలుగూ సరిపోయాయి.
డబ్బిచ్చింది, మజ్జిగిచ్చింది.
గాజుపెట్టెని గోడకి ఆనించి పెట్టించింది,
మేడ ముందువైపు గుమ్మానికి కనపడేటట్టు.

వెనకవైపు ఇంక ఎవరూ చూడరు.
గుండుసూది వంచి చేసిన కొళాయి అక్కడుంది,
నేల నుంచి సరిగ్గా అంగుళం ఎత్తున.