మట్టం

నరసాపురం కాలువ గట్టున మేడమీద గది.
కింద మోటార్లకి వైండింగు చేసే షాపు.
కాలిన రాగితీగ వాసన
నాకన్నా ముందే మెట్లెక్కి కూర్చుంటుంది.

కుర్చీలు ఎదురెదురుగా వెయ్యను.
రెండూ కిటికీ వైపే, కొంచెం ఏటవాలుగా.
మొహం చూస్తూ చెప్పలేనిది
కాలువ చూస్తూ చెప్పగలరని
ఏడేళ్లకి తెలిసింది నాకు.

ఎందుకలా చేశారని అడగను.
ఎందుకు అన్న మాట చెవిన పడగానే
ఎంత పెద్దమనిషైనా
బెత్తం ముందు పిల్లాడిలా అరచెయ్యి చాస్తాడు.
"అప్పుడు వాన పడుతోందా?" అంటాను.
"అన్నం తిన్నారా ఆ పూట?"

మా వైపు ఆయ్ అంటే ఔననే కాదు.
ఇంక చాలు, వెళ్తానండీ అని ఓ ఆయ్.
మీకేం తెలుసులెండి అని ఓ ఆయ్.
గొంతు దాటలేక ముక్కులోనే ఆగిపోయేది ఒకటుంది,
దాని దగ్గర పెన్ను మూసేస్తాను.

చెరువులాయన. పేరు చెప్పను.
ఒక్క రాత్రిలో రొయ్యంతా తెల్లమచ్చకి పోయింది.
ఏరేటర్లు ఆగిపోయాయి కదండీ,
ఆ చప్పుడు లేక నిద్ర పట్టట్లేదంటాడు.
నాలుగు వారాలు అదే మాట.
అప్పు ఊసు ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.
అయిదో వారం
కింద షాపులో మోటారు తిప్పి చూశారు, గుర్రుమని.
కూర్చున్న చోటే నిద్రపోయాడు.
గంట అయింది. లేపలేదు.
తర్వాతి మనిషికి నూకరత్నం
మెట్ల మీదే టీ ఇచ్చి కూర్చోబెట్టింది.
దీనికి ఫీజు తీసుకోవచ్చా అని
ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.
(తీసుకున్నాను.)

మా నాన్న లాకు మనిషి.
పడవ మీంచి సరంగు ఎన్ని కేకలేసినా
ముందు చిన్న తూము ఎత్తి
చుట్ట ముట్టించేవాడు.
ఎగువ నీరూ దిగువ నీరూ ఒక్కటయ్యేదాకా
పెద్ద తలుపు ముట్టేవాడు కాదు.
"తోస్తే రాదమ్మా,
మట్టం కలిస్తే చిటికెనవేలికే వచ్చేస్తది."

తెలిసీ ఒకసారి తోశాను.
లేసు అల్లే ఆవిడ. మూడోసారి రావడం.
అల్లుతూనే మాట్లాడేది,
ఆ రోజు సూది ఆగింది.
ఆగిందని నేను తొందరపడ్డాను.
"ఆయన్ని వదిలేసీ బతకొచ్చు మీరు."
అబద్ధమేం కాదు.
"ఆయ్" అంది.
మళ్లీ రాలేదు.
సగం అల్లిన పువ్వు కుర్చీ సందులో దొరికింది.
సొరుగులో ఉంది. పెన్ను కోసం చెయ్యి పెడితే
దాని దారం గాజుకి తగులుకుంటుంది.

ఈ వారం కాలువ కట్టేశారు.
కిటికీలోంచి బురద, నాచు,
మధ్యలో సగం దిగబడ్డ సైకిలు చక్రం.
కొత్తగా వచ్చిన కుర్రాడు
ముప్పావుగంట నోరు విప్పలేదు.
ఫ్యాను తిరుగుతూ ఉంది.

"ఆ చక్రం ఎవరిదండీ?"
తెలీదన్నాను.
ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం.
"వచ్చే వారం కూడా ఉంటదాండీ?"
"నీళ్లు వదిలేది జూన్‌లో కదా."
"ఆయ్" అన్నాడు.