ఆపిల్ సామీ

జూలై నెలలో ఈ దీవికి తాతల్ని వెతుక్కుంటూ ఎవరూ రారు.
ఈవిడ వచ్చింది.
ఎల్స్‌పెత్ గెమ్మెల్, డెబ్బై ఒకటో ఏడు,
గొడుగంత టోపీ, ఒళ్లో బిస్కెట్ల రేకు డబ్బా.
డబ్బాలో బిస్కెట్లు లేవు, హ్యూ గెమ్మెల్ ఉన్నాడు:
స్కాట్లాండులో గ్రీనక్ రేవున బాయిలర్లకి రివెట్లు కొట్టినవాడు,
ముప్పై ఎనిమిదిలో ఇక్కడి రిఫైనరీకి మేస్త్రీగా దిగినవాడు.
మూడు ఫొటోలు, ఒక జీతం చీటీ, ఒక జేబు పుస్తకం.

"రోజంతా ఇరవై ఐదు దినార్లు" అన్నాను.
బేరమాడలేదు.
అందుకని ఏసీ ఇంకో నంబరు పెంచాను.

అవాలీలో ఇల్లు దొరకలేదు.
ఫొటోలో వరండా ముందు గన్నేరు మొక్క ఉంది.
గన్నేర్లు వీధంతా ఉన్నాయి,
ఆ గన్నేరు ఏదని ఎవర్నడుగుతాం?
గేటు దగ్గర నేపాలీ కుర్రాడు ఫొటోని తిప్పి తిప్పి చూసి
ఆవిడకి ఒక నీళ్ల సీసా ఇచ్చాడు.
అతని దగ్గరున్నది అదే.

సిత్రాలో కంచె. కంచె అవతల గొట్టాలు.
కంచెలోకి వేళ్లు దూర్చి నిలబడింది,
ఆ గొట్టాల్లో ఏదో ఒక అతుకు తాతది అయినట్టు.
ఎనిమిదేళ్లు వెల్డర్ని నేను,
అతుకు చూస్తే చేసినవాడి తొందర చెప్పగలను.
కానీ అన్నేళ్ల అతుకుని ఎవరుంచుతారు?
కోసి, తుక్కు కింద తూకానికి అమ్మేసుంటారు.
ఆ మాట నోట్లోనే ఉంచుకున్నాను.

ఒంటి గంటకి ఒక గోడ నీడలో కారాపితే
పుస్తకం తీసింది.
"అరబ్బీ అనుకున్నాం. ప్రొఫెసరొకాయన కాదన్నాడు.
ఫారసీ కూడా కాదట.
ఇవి వాల్వుల పేర్లని మా నాన్న అనేవాడు."
ఒక్కో ముక్కా నాలిక మీద చల్లార్చుకుంటూ చదివింది:

నీ-లూ.
మెల్-లా-గా.
జరు-గూ.
ఒడ్-డూ ఒడ్-డూ.

స్టీరింగు మీద చెయ్యి అలాగే ఉండిపోయింది.
గరివిడి సంతలో బండి దారికి అడ్డం నిలబడ్డట్టుంది నాకు.
ఒక్కో మాట పక్కన పెన్సిల్‌తో టిక్కు,
నేర్చేసుకున్నాడన్న మాట.

అట్ట లోపల ఒక పేరు. ఆపిల్ సామీ.
"ఆపిల్స్ అమ్మే శామ్యూలేమో.
క్రిస్మస్ నాడు ఆయన పేరు చెప్పి
ఒక ఆపిల్ విడిగా పెట్టేది మా నాయనమ్మ."

నవ్వొచ్చింది. వచ్చి, సగంలో ఆగింది.
ఆపిల్ కాదమ్మా, అప్పలస్వామి.
సింహాద్రి అప్పన్న పేరు.
మా వైపు ఇంటికొకడు,
మా పెదనాన్న ఒకడు, బళ్లో గంట కొట్టేవాడొకడు.
మీ తాతకి పానా అందించినవాడు ఏ ఊరి అప్పలస్వామో,
రంగం పోబోయి ఇటు తేలాడో,
పిల్లలున్నారో, ఉంటే వాళ్లకేం చెప్పాడో.
ఆయనకి రేకు డబ్బా లేదు.
మూడో ఫొటో అంచున, మీ తాత భుజం వెనక
నల్లటి మోచెయ్యి ఒకటి ఉంది చూడండి.
అంతే ఉంది.

చాలాసేపు ఆ మోచేతినే చూసింది.
తర్వాత ఆఖరి పేజీ తిప్పింది.
అక్కడ టిక్కు లేదు.
అన్-నమ్ టిన్-నా-వా.
"ఇదేం వాల్వు?"

చెప్పాను.
ఎవరు ఎవర్నడిగారో పుస్తకంలో లేదు.
జవాబు కూడా లేదు.
టోపీ తీసి డబ్బా మీద పెట్టుకుని
తాత రాత కింద తన రాతతో అర్థం రాసుకుంది,
చిన్నగా, చోటు మిగిల్చి.

రాత్రి ట్రిప్పు షీటు నింపాను.
బయల్దేరింది: జుఫైర్ హోటలు. చేరింది: అదే హోటలు.
ప్రయాణికుల పేర్లన్న గడిలో ఇంగ్లీషులో ఆవిడ పేరు,
దాని కింద తెలుగులో
అప్పలస్వామి.

పొద్దున ఆఫీసులో త్రిసూరు వర్గీసు కళ్లద్దాలు సర్దుకుని
ఇదేం భాషంటాడు ముందు.
తర్వాత, ఈ రెండోవాడు ఎక్కడ దిగాడంటాడు.