చీమలు పోయినయా

నాందేడ్ దవాఖాన్ల నర్సు
పోయినప్పుడల్లా ఒకటే అడుగుతది:
"హాతాలా ముంగ్యా యేతాత్ కా?"
ముంగ్యా అంటే మరాఠీల చీమలు.
మొదటిసారి చేతులు తిప్పి తిప్పి చూసుకున్న.
బెల్లం పట్టలేదు తల్లీ, చీమలెందుకొస్తయి?
ఆమె నవ్వింది. ఎంబడొచ్చిన షేవంత నవ్వింది.
నేను గూడ నవ్విన.
అప్పటికింక రెండో కీమోనే.

ఐదోదానికి వచ్చినయి.
కాలి బొటనవేలి కొసల మొదలై
బారు కట్టి మడిమ దాక,
ఇంకో బారు చేతివేళ్లకు.
తొక్కితే చావయి, దులిపితే రాలయి.

రొమ్ము పోయింది, గడ్డ పోయింది.
ఊడిన వెంట్రుకలు మళ్ల వచ్చినయి,
ఇదివరకు లేని ఉంగరాలతోటి.
రిపోర్టు సాఫ్ అన్నరు.
నా మరిది ధర్మాబాద్ టేషన్ కాడ పేడాలు పంచిండు.
బాగైనవ్ నర్సుబాయీ, బాగైనవ్.
ఔ, బాగైన.
జాకెట్ హుక్కు పెట్టనీకి
కోడలు లేచేదాక కూసుంట.

ముప్పై ఏండ్లు
మిరప గోదాంల తొడిమలు తెంపిన చేతులివి.
ముట్టుకుంటే చెప్పేదాన్ని:
ఇది మొన్న ఎండింది, ఇది ఇంక పచ్చి,
ఇది పైకి ఎరుపు, లోపట బూజు.
పొద్దూకినంక చేతులు భగ్గుమంటే
మజ్జిగల ముంచి కూసునేటోళ్లం పదిమందిమి
సేఠును తిట్టుకుంట, నవ్వుకుంట.
ఆ మంట తెల్లారేసరికి
తన ఇంటికి తాను పోతుండె.
ఈ మంటకు
ఇల్లే నేను.

మొన్న బజార్ల చెప్పు ఎక్కడ జారిందో తెల్వది.
జామపండ్ల బండి పోరడు వెనకకెల్లి ఒర్రిండు,
"మావ్‌శీ, తుమ్చీ చప్పల్!"
చూస్తే ఒక్క కాలుకే ఉన్నది.
ఎంత దూరం నడిచిన్నో అట్ల
కాగిన డాంబరు మీద,
భూమి నా కాలికి చెప్పనే లేదు.
ఇంటికొచ్చి చూస్తే అరికాల్ల బొబ్బ.
అదే కాలుకు
రాత్రి కప్పిన పల్చటి దుప్పటి
పల్లేరుకాయల మూట.
నిప్పు తెల్వదు, బట్ట గుచ్చుతది.
ఎవలకు చెప్తే నమ్ముతరు?

డాక్టరు తెలుగాయనే.
నరాలు మెల్లగ కోలుకుంటయమ్మా, అన్నడు.
కోలుకోకపోవచ్చు గూడ.
ఆ రెండో ముక్క
నర్సు దిక్కు తిరిగి మరాఠీల అన్నడు.
ధర్మాబాదోళ్లకు రెండు చెవులుంటయని
తెల్వదు పాపం.

శివరాత్రి పోయినంక మళ్ల గోదాంకు పోయిన.
కిలోకింత అని లెక్క.
నా కుప్ప చిన్నగైంది, కూలి చిన్నగైంది.
తొడిమ వేళ్ల నడుమ ఉన్నదో జారిందో
కండ్లతోటి చూసుకుంట తెంపాలె.
పచ్చిదో ఎండిందో ఎట్ల తెల్సుకోవాలె?
చెవి కాడ పెట్టి ఊపుతున్న.
గింజలు గలగలమంటే ఎండింది, ఇటు.
సప్పుడు లేకుంటే అటు.
షేవంత చూసింది.
"ఎవలకే ఫోన్ చేస్తున్నవ్?"
"గుంటూరుకు.
మీ కారమెక్కువనా మా కారమెక్కువనా అని."

నవ్వీ నవ్వీ కండ్లల్ల నీళ్లొస్తే
యాది మరిచి వేలితోటి తుడుచుకున్న.

ఓయమ్మో!

ఎర్రగైన కంటికి కొంగు ముద్దజేసి
నోటి ఆవిరి పట్టి పట్టి అద్దుకుంట
పొద్దంతా కూసున్న.
షేవంత నీళ్లు తెచ్చింది, మజ్జిగ తెచ్చింది,
తిట్లు గూడ తెచ్చింది.
నేను ఒంటి కన్నుతోటి వేలిని చూసిన.
ఏమెరగనట్టే ఉన్నది,
దొంగ.

వచ్చే బుధవారం నాందేడ్ పోవాలె.
"ముంగ్యా గేల్యా కా?" అని అడుగుతది నర్సు.
పోలేదు బాయీ, అంట.
మిరపకు చీమ పట్టదంటరు గని
పట్టింది.