అరిగేవి వర్తించవు

బల్లారట్‌లో వాన. షోరూమ్ వెనకగదిలో
డెక్లన్ తనే కాఫీ కలిపి తెచ్చాడు.
ఏడేళ్ల వారంటీ, మూడు వేల డాలర్లే,
నెలలకు పంచితే మీ పాప ఈత క్లాసంత, అన్నాడు.
పాపకు ఈత అని ఎప్పుడు చెప్పానో!

ఆస్పత్రిలో మందుసీసాల మీద
చీమతలకాయంత అక్షరాలు చదివే ఉద్యోగం నాది.
కళ్లజోడు తుడుచుకున్నాను.

పదకొండో పేజీ.
అరిగేవి వర్తించవు. కారేవి వర్తించవు.
బెల్టు, క్లచ్చు, గొట్టాలు,
ఇంకోచోట ఆయిలు మార్పించిన ఏ బండీ...

"మరి వర్తించేదేది, నాయనా?"
తిప్పాడు పేజీలు. వెనక్కీ తిప్పాడు.
కాఫీ మీద మీగడ కట్టింది.

నేతిబీరకాయను ఇంగ్లీషులో ఏమంటారో
తట్టలేదు గానీ,
తాళంచెవి తీసుకుని కాగితం అక్కడే వదిలేశాను.

దారిలో వైపరు కీచుమంది.
అదీ అరిగేదే.
పదిహేను డాలర్లు. నేనే మార్చుకుంటా.